పాత బంగళా దెయ్యం నవల చదవడం ఎలా

ఊరికి దూరంగా ఓ పెద్ద పాత బంగళా. అందులో మిగిలిపోయిన ఇద్దరో ముగ్గురో మనుషులు, తాళం వేసిన గదులు, ఎవరూ నోరు విప్పని పాత సంగతి ఒకటి. ఇంగ్లీషులో వీటిని గోతిక్ నవలలంటారు. ఓటీటీలో ఏదో సిరీస్ చూసి, ఆ ఊపులో ఆన్‌లైన్‌లో నవల తెప్పించుకుని, డెబ్భయ్యో పేజీ దగ్గర పక్కన పడేసిన వాళ్ళు మన నెల్లూరు, ఒంగోలు వైపు చాలామందే కనిపిస్తారు. అందరిదీ ఒకటే ఫిర్యాదు: "ఇంతకీ దెయ్యం ఎప్పుడొస్తాదబ్బా?"

ఆ ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. 1980లలో వారపత్రికల్లో వచ్చిన క్షుద్ర సీరియళ్ళు మనకో అలవాటు చేసిపెట్టాయి. వారం వారం చివర్లో ఒక ఉలికిపాటు ఉండాలి. మంత్రగాడు రావాలి, నిమ్మకాయలు కోయాలి, ఆఖర్న ఎవరో పెద్దాయన విరుగుడు చెప్పాలి. బంగళా నవలలో ఇవేవీ ఉండవు. దానికి మించిన తేడా ఇంకోటుంది. మన దగ్గర దెయ్యం మనిషిని పడుతుంది. గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు, జొన్నవాడ కామాక్షమ్మ గుళ్ళో నిద్ర చేయిస్తారు, తగ్గాక ఇంటికి తీసుకొస్తారు. ఇంగ్లీషు నవలలో దెయ్యం ఇంటిని పట్టుకుని ఉంటుంది. మనిషి పెట్టె సర్దుకుని రైలెక్కితే సగం కథ అక్కడే తీరిపోతుంది. అయినా ఎక్కడు. ఎందుకు ఎక్కడు అన్న దాని చుట్టూనే మూడు నాలుగు వందల పేజీలు నడుస్తాయి. ఈ ప్రశ్న పట్టుకుని చదివితే దెయ్యం ఆలస్యంగా వచ్చినా టైం వృథా అయిందనిపించదు. ఎలా చదవాలో వరసగా చెప్తాను.

1. ముందు రోజులు చూసుకోండి

మే నెలలో మొదలుపెట్టకండి. ఈ నవలల్లో భయానికి మొదటి గుర్తు చలి. హీరోయిన్ మెట్లెక్కుతుంటే ఒకచోట ఉన్నట్టుండి చల్లగాలి తగులుతుంది, ఆమె వణికిపోతుంది. నెల్లూరు ఎండల్లో అది చదివితే వణుకు రాదు, అసూయ వస్తుంది. రోహిణి కార్తెలో మన ఇంట్లో ఏ గదిలోనైనా అలాంటి చల్లగాలి వీస్తే దెయ్యమని ఎవరూ పారిపోరు, నవారు మంచం అక్కడికే లాక్కుంటారు.

నవంబరు సరైన నెల. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో పడేదే. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త రాగానే పుస్తకం బయటికి తీయండి. తేమకి గోడలు ఉబ్బి, తలుపులు బిగుసుకుని, బట్టలు ఆరక ముక్క వాసన కొట్టే రోజులవి. నవలలోని బంగళా ఎప్పుడూ ఉండేది ఆ వాతావరణంలోనే. పైగా దారి మూసుకుపోవడమంటే ఏంటో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు కోవూరు వైపు హైవే ఆగిపోయింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఎక్కడివాళ్ళు అక్కడే. సుసాన్ హిల్ రాసిన 'ది వుమన్ ఇన్ బ్లాక్' (1983)లో బంగళాకు పోయే ఒక్క దారీ సముద్రం పోటుకు మునిగిపోతుంది, ఆటు వచ్చేదాకా లోపలి మనిషి లోపలే. ఆ పేజీలు లండన్‌లో కూర్చున్నవాడికంటే నెల్లూరు మనిషికే బాగా అర్థమవుతాయని నా నమ్మకం.

2. మొదటి పుస్తకం చిన్నది తీసుకోండి

పైన చెప్పిన సుసాన్ హిల్ నవలే మొదటిదానికి మంచిది. చిన్నది, కథ తిన్నగా నడుస్తుంది. ఒక కుర్ర లాయరు, చనిపోయిన ముసలావిడ కాగితాలు సర్దడానికి ఆమె ఇంటికి వెళ్తాడు, అంతే. రెండోది షిర్లీ జాక్సన్ 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' (1959). ఇది కూడా లావు పుస్తకం కాదు గానీ వాక్యాలు మెలికలు తిరుగుతాయి, ఇంగ్లీషు మీద కొంచెం పట్టు కావాలి. శారా వాటర్స్ 'ది లిటిల్ స్ట్రేంజర్' (2009) ఐదొందల పేజీల వ్యవహారం, మూడోదిగా పెట్టుకోండి. సిల్వియా మొరేనో గార్సియా 'మెక్సికన్ గోతిక్' (2020) ఇంగ్లండు వదిలి 1950ల మెక్సికోకు వెళ్తుంది. దాని వేగం నేటి సినిమాలకు అలవాటుపడ్డ వాళ్ళకు నచ్చుతుంది. కుర్రాళ్ళయితే దాంతోనే మొదలుపెట్టినా తప్పులేదు.

ఈ జాతి నవలలకు ఆద్యుడిగా చెప్పే హొరేస్ వాల్పోల్ పుస్తకం 1764 నాటిది. దాంతో మొదలుపెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కోట ముంగిట్లో ఇంత పెద్ద యుద్ధపు టోపీ పడి పెళ్ళికొడుకు చచ్చిపోవడంతో మొదలవుతుంది, ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది.

3. ఆ ఇల్లు ఎలా నడిచేదో తెలుసుకోండి

చాలామందికి నవల మధ్యలో భయం అందకపోవడానికి కారణం దెయ్యం తక్కువవడం కాదు, ఇల్లు అర్థం కాకపోవడం. ఇంగ్లండు బంగళాలో యజమానులూ పనివాళ్ళూ ఒకే ఇంట్లో ఉంటూ ఒకరికొకరు ఎదురుపడకుండా ఉండేలా కట్టేవాళ్ళు. పనివాళ్ళకు వెనక వైపు ఇరుకు మెట్లు వేరే. వంటిల్లు కింద ఎక్కడో, పడకగదులు పైన ఎక్కడో. గదిలో తాడు లాగితే గోడల్లోంచి పోయిన తీగ కదిలి కింద పనివాళ్ళ దగ్గర గంట మోగుతుంది. అక్కడ వరసగా గంటలుంటాయి, ఏ గంట ఏ గదిదో తెలిసేలా పేర్లు రాసి ఉంటాయి. ఇప్పుడు ఊహించండి: ముప్పై ఏళ్ళుగా తాళం వేసి ఉన్న గది గంట అర్ధరాత్రి మోగింది. ఈ ఏర్పాటు తెలియని పాఠకుడు "గంట మోగింది" అని చదివి ఎవరో కాలింగ్ బెల్ కొట్టారనుకుని పేజీ తిప్పేస్తాడు.

నర్సరీ అనే మాట కూడా అంతే. అది మొక్కల నర్సరీ కాదని తెలుసు, కానీ పిల్లల గది అనుకుంటే సరిపోదు. పెద్దింటి పిల్లలు తల్లిదండ్రులకు దూరంగా, సాధారణంగా పై అంతస్తులో, ఆయాతోనో పాఠాలు చెప్పే గవర్నెస్‌తోనో పెరిగేవాళ్ళు. సాయంత్రం ఓ గంట కిందికి తీసుకొచ్చి చూపించి మళ్ళీ పైకి పంపే ఇళ్ళుండేవి. మన ఇళ్ళల్లో పిల్లలు నాయనమ్మ పక్కలో దొర్లుతూ పెరిగారు కాబట్టి, పై గదిలో పిల్లాడు ఎవరితోనో మాట్లాడుతున్నా తల్లికి తెలియకపోవడం మనకు వింతగా తోస్తుంది. అక్కడది మామూలు. ఇక హౌస్‌కీపర్ అంటే పనిమనిషి అనుకోకండి. ఇంటి తాళాలగుత్తి ఆమె దగ్గర ఉంటుంది. మన పక్క అత్తగారి మొలలో ఉండాల్సిన తాళాలు అక్కడ జీతగత్తె దగ్గర ఎందుకున్నాయో ఆలోచించండి, సగం కుట్రలు అక్కడే తెలిసిపోతాయి.

వీలైతే మొదలుపెట్టే ముందు ఒక పాత ఇల్లు చూసి రండి. నెల్లూరులో మూలాపేట, రంగనాయకులపేట సందుల్లో ఇంకా కొన్ని మిగిలాయి. బుచ్చిరెడ్డిపాళెం, అల్లూరు వైపు ఊళ్ళల్లో, కందుకూరు చుట్టుపక్కలా పెద్ద రైతుల ఇళ్ళు కనపడతాయి. తెలిసినవాళ్ళ ద్వారా అడిగి, ఇంటివాళ్ళు ఉన్నప్పుడే వెళ్ళండి. పాడుబడ్డ ఇంట్లోకి సాహసంగా దూరవద్దు. అక్కడ దెయ్యాలుంటాయో లేదో గానీ పాములుంటాయి, పుచ్చిన దూలాలుంటాయి. లోపలికి వెళ్ళాక పైకి చూడండి. టేకు దూలాల మీద అడ్డంగా వాసాలు, వాటి మీద సన్నటి ఇటుకల్ని నిలబెట్టి గానుగ సున్నంతో బిగించిన మద్రాసు మిద్దె. గోడలో దీపం గూడు, దాని పైన మసి. నడవలో మీ అడుగు చప్పుడు మీకే రెండుసార్లు వినపడుతుంది. పగలంతా ఎండకు వ్యాకోచించిన కలప రాత్రి చల్లబడేటప్పుడు టక్కుమంటుంది. అటక మీద మానుపిల్లి తిరిగితే మనిషి నడిచినట్టే ఉంటుంది. ఇవన్నీ చెవిలో వేసుకుని వస్తే నవలలో ప్రతి చప్పుడూ మీకు వినపడుతుంది.

4. ప్లాను గీయండి

తెల్ల కాగితం ఒకటి పుస్తకంలో పెట్టుకోండి. వీధి గుమ్మం ఎటు, మెట్లు ఎటు, మూసిన గది ఏ మూల, కిటికీలోంచి ఏం కనపడుతుంది, చెరువో సమాధులో ఎంత దూరం. చదువుతూ పోతూ గీయండి. అందంగా రానక్కర్లేదు. మేస్త్రి ముగ్గు పోసినట్టు నాలుగు గీతలు చాలు. ఎవరు ఏ గదిలో పడుకుంటారో పేర్లు రాయండి, పడకలు మారినప్పుడల్లా కొట్టేసి మార్చండి. ఈ నవలల్లో పడక మారిందంటే ఏదో జరగబోతుందని లెక్క.

ఒక్కోసారి ఎంత గీసినా కుదరదు. మీరు తప్పు చదివారని మళ్ళీ వెనక్కి పోకండి. షిర్లీ జాక్సన్ నవలలో ఆ బంగళా కట్టించినవాడు ప్రతి మూలనూ కొద్దికొద్దిగా వంకరపెట్టి కట్టించాడు. తలుపులు వాటంతటవే మూసుకుపోతుంటాయి, లోపలున్నవాళ్ళు రోజూ నడిచే గదికే దారి తప్పుతుంటారు. మీ ప్లాను కుదరని చోట పాత్రల బుర్ర ఎలా తిరుగుతోందో మీకు నేరుగా తెలుస్తుంది. దీన్ని వాస్తు దోషం అనేస్తారేమో మనవాళ్ళు. అనండి, నవలకు అదేం అడ్డు కాదు.

5. మొదటి వంద పేజీల్లో ఇంటి లెక్కలు చూడండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను. దెయ్యం రాకముందు రచయిత ఊరికే వర్ణనలు చేయడు. కారుతున్న పైకప్పు, అమ్మేసిన పొలాలు, మాన్పించిన పనివాళ్ళు, గోడ మీద బొమ్మ తీసేశాక మిగిలిన చతురస్రపు మచ్చ. ఇవన్నీ జమా ఖర్చులు. మూడు ప్రశ్నలు పక్కన రాసుకుని జవాబులు వెతకండి.

ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? ఇంగ్లండులో వీలునామా రాయకుండా యజమాని పోతే భూమి, ఇల్లు మొత్తం పెద్దకొడుక్కే వెళ్ళే పద్ధతి 1925 దాకా ఉంది. అందుకే బంగళా ముక్కలు కాలేదు, అందుకే ఒక్కడే అంత ఇంట్లో బిక్కుబిక్కుమంటూ కనిపిస్తాడు. మన ఉమ్మడి కుటుంబాల్లో అన్నదమ్ములు పంచుకుంటారు. చావడి మధ్యలో గోడ లేస్తుంది, బావి ఒకరి వైపు పడితే రెండో వాళ్ళకు తోడుకునే దారి కాగితంలో రాస్తారు. జమీందారీల్లో మాత్రం పెద్దవాడికే గద్దె దక్కే ఆచారం ఉండేది, అక్కడి బంగళాలు ఈ నవలల్లో ఇళ్ళకు దగ్గర చుట్టాలు. వాటి పతనానికి కూడా రెండు దేశాల్లో తేదీలున్నాయి. ఇంగ్లండులో 1894లో ఎస్టేట్ డ్యూటీ అని చనిపోయినవాడి ఆస్తి మీద పన్ను వేశారు, ఆ తర్వాత రెండు యుద్ధాల్లో వారసులూ పోయారు, పనివాళ్ళూ పోయారు. మన వైపు 1948లో జమీందారీలను తీసేస్తూ మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. ఈ కాలంలో జరిగే కథ చదువుతుంటే, ఇంట్లోవాళ్ళు భయపడేది దెయ్యానికా పన్నుల నోటీసుకా అని మీకు అనుమానం రావాలి. వస్తే బాగా చదువుతున్నట్టే.

ఆ ఇంట్లో ఆడవాళ్ళకు ఏం హక్కుంది? "ఆ పిల్ల పుట్టింటికి వెళ్ళిపోవచ్చు కదా" అని మనకు ఊరికే అనిపిస్తుంది. ఇంగ్లండులో 1870, 1882 చట్టాలు వచ్చేదాకా పెళ్ళయిన ఆడదాని సంపాదన, ఆస్తి చట్టం దృష్టిలో మొగుడివి. పాతకాలంలో జరిగే కథలో భార్య కదలకపోవడానికి దెయ్యం అక్కర్లేదు, ఈ ఒక్క సంగతి చాలు. మనకూ ఈ లెక్కలు దగ్గరవే. హిందూ స్త్రీల ఆస్తి హక్కుల మీద 1937లో వచ్చిన చట్టానికి ముందు ఉమ్మడి ఇంట్లో భర్త పోయినావిడకు దక్కేది తిండీ బట్టా, వెనక పక్క ఒక గదీ. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు పుట్టుకతో వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరుకు ముందే పెళ్ళయిన ఆడపిల్లలకు వర్తించలేదు. అంటే ఒకే ఇంట్లో చెల్లెలికి వాటా ఉండి అక్కకు లేని కుటుంబాలు ఏర్పడ్డాయి. దేశమంతటికీ కూతుళ్ళ వాటా 2005లో వచ్చింది. మన పాత ఇళ్ళల్లో వెనక గదిలో ఎవరుండేవారో తెలిసిన పాఠకుడికి, నవలలో పై గదిలో ఎవరున్నారన్నది చదవగానే తట్టేస్తుంది.

ఇల్లు కట్టిన డబ్బు ఎక్కడిది? దీన్ని ఎక్కువమంది అడగరు. 'మెక్సికన్ గోతిక్'లో కొండ మీది ఆ బంగళాను ఒక ఇంగ్లీషు కుటుంబం వెండి గనుల డబ్బుతో కట్టుకుంది. మెక్సికోలో రియల్ దెల్ మోంతే అనే ఊళ్ళో నిజంగానే బ్రిటిష్ వాళ్ళు గనులు నడిపారు, అక్కడ వాళ్ళ సమాధుల తోట ఇప్పటికీ ఉంది. ఆ ఊరే నవలకు ప్రేరణ. గూడూరు, సైదాపురం అభ్రకం గనుల గురించి విన్నవాళ్ళకు ఈ కథ వెంటనే అందుతుంది. గనిలోకి దిగినవాడు ఎక్కడున్నాడు, మేడ కట్టినవాడు ఎక్కడున్నాడు అని అడిగితే చాలు, గోడల్లోంచి వచ్చే చప్పుడు ఎవరిదో మీరే ఊహించగలరు. ఇంతకంటే చెప్తే కథ పాడవుతుంది.

6. కథ చెప్పేవాణ్ణి నమ్మకండి

ఈ నవలలు పుట్టుకతోనే అబద్ధంతో పుట్టాయి. ఇందాక చెప్పిన వాల్పోల్, మొదటిసారి అచ్చు వేసినప్పుడు తన నవలను 1529లో నేపుల్స్‌లో అచ్చయిన పాత ఇటాలియన్ పుస్తకానికి అనువాదమన్నాడు. పుస్తకం బాగా ఆడాక 1765లో రెండో ముద్రణలో "నేనే రాశాను" అని ఒప్పుకున్నాడు. ఆ బుద్ధి ఈ జాతికి ఇప్పటికీ పోలేదు.

'ది లిటిల్ స్ట్రేంజర్' కథ చెప్పేది ఒక డాక్టరు. దెయ్యాల్లేవంటాడు, ప్రతిదానికీ వైద్యపరంగా కారణం చూపిస్తాడు. చదివేవాళ్ళకు నెమ్మదస్తుడిలా, మంచివాడిలా కనిపిస్తాడు. కానీ మొదటి అధ్యాయంలోనే ఒక సంగతి ఉంది: వాళ్ళమ్మ ఒకప్పుడు ఆ బంగళాలో ఆయా. చిన్నప్పుడు అక్కడికి వెళ్ళి, గోడ మీది నగిషీలో ఒక సున్నపు కాయను చాకుతో పెకలించి జేబులో వేసుకున్నాడు. ఆ ఇంటిమీద వాడికంత మోజు. అది గుర్తు పెట్టుకుని మిగిలిన నాలుగొందల పైచిలుకు పేజీలు చదవండి. వాడు "నేను వాళ్ళ మంచికే చెప్పాను" అన్న ప్రతిసారీ అంచున పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. గీతలు ఎక్కువయ్యే కొద్దీ మీకు వేరే రకం భయం పట్టుకుంటుంది.

సాధారణంగా చూడాల్సినవి ఇవి: చెప్పేవాడు సంఘటన జరిగినప్పుడు అక్కడున్నాడా, ఎవరో చెప్తే విన్నాడా? ఎన్నాళ్ళ తర్వాత చెప్తున్నాడు? ఇల్లు ఖాళీ అయితే వాడికేమైనా లాభముందా? మన పల్లెల్లో పొలం గట్టు తగాదా విన్నవాళ్ళకు ఈ మూడూ అడగడం కొత్త కాదు.

7. దెయ్యం ఉందా లేదా అని తేల్చేయకండి

కాగితాన్ని రెండుగా మడవండి. ఒక వైపు "దెయ్యమే" అనిపించినవి, రెండో వైపు "వేరే కారణం ఉండొచ్చు" అనిపించినవి పేజీ నంబరుతో రాయండి. మంచి నవలలో రెండు వైపులా దాదాపు సమంగా నిండుతుంటాయి. ఈ ఊగిసలాటే ఇలాంటి కథలకు ప్రాణమని త్వెతాన్ తొదరోవ్ అనే సాహిత్య విమర్శకుడు 1970లో ఒక పుస్తకమే రాశాడు. ఏదో ఒక వైపు తేలిపోయిన క్షణంలో కథ వేరే జాతిలోకి వెళ్ళిపోతుందన్నాడు. హేతువాదులైన మిత్రులు మొదటి చప్పుడుకే "ఎలుక" అని తేల్చేస్తారు. భక్తిపరులు మొదటి చప్పుడుకే "ప్రేతం" అంటారు. ఇద్దరికీ నవల అక్కడే అయిపోతుంది.

రెండో వైపు రాయడానికి ఏముంటాయి అనుకునేవాళ్ళకు ఒక నిజం సంగతి. 1921లో విల్మర్ అనే అమెరికా కంటి వైద్యుడు ఒక వైద్య పత్రికలో ఒక కుటుంబం కథ ప్రచురించాడు. పాత ఇంట్లోకి మారాక వాళ్ళకు రాత్రిళ్ళు అడుగుల చప్పుళ్ళు, మంచం పక్కన ఎవరో నిలబడ్డట్టు, తలనొప్పులు. పిల్లలు పాలిపోయారు, కుండీల్లో మొక్కలు కూడా చచ్చాయి. చివరికి చూస్తే ఇంటిని వెచ్చబెట్టే కొలిమి పాడై కార్బన్ మోనాక్సైడ్ గదుల్లోకి వస్తోంది. ఈ సంగతి తెలిశాక, నవలలో పొగ గొట్టం మూసుకుపోయిందన్న చిన్న వాక్యం కూడా మీ కళ్ళు తప్పించుకోదు. అలాగని ప్రతిదానికీ కొలిమినే బాధ్యుణ్ణి చేయకండి. రచయిత ఆ వాక్యం మిమ్మల్ని పక్కదారి పట్టించడానికే పెట్టి ఉండొచ్చు.

8. రాత్రి చదవడం

రాత్రి పదకొండు తర్వాత ఓ నలభై పేజీలు. దానికి మించితే వర్ణనలు దాటేసి సంభాషణల మీదికి దూకుతారు. ఫోను పక్క గదిలో పెట్టండి, టార్చి దగ్గర పెట్టుకోండి. తుఫాను రోజుల్లో కరెంటు పోవడం ఖాయం కాబట్టి ఇన్వర్టర్ ముందే చూసుకోండి. ఫ్యాను ఆగిపోయినప్పుడు వచ్చే నిశ్శబ్దం ఏ రచయితా ఇవ్వలేనిది, అది వస్తే వదులుకోకండి. చిన్న పిల్లలున్న ఇంట్లో పైకి చదవద్దు, మూడు రాత్రులు మీకే నిద్ర ఉండదు.

నిజంగా భయం ఎక్కువై టెన్షన్ పడుతుంటే అధ్యాయం చివర్లో ఆపకండి. అధ్యాయం మధ్యలో, ఎవరో టీ తాగుతున్న చోట ఆపండి. అధ్యాయం చివర్లు మనల్ని పట్టుకోవడానికే రాస్తారు. ఈ పని రెండొందల ఏళ్ళ కిందే ఆన్ రాడ్‌క్లిఫ్ అనే నవలా రచయిత్రి విడమరిచింది. ఆమె పోయాక 1826లో అచ్చయిన వ్యాసంలో, ఘోరాన్ని కళ్ళ ముందు పెడితే మనసు ముడుచుకుపోతుందనీ, రాబోతోందని మసకగా చూపించి ఆపితే మనసు విప్పారుతుందనీ అంటుంది. బంగళా నవలలు చేసేది రెండోది. రక్తం కావాలంటే వేరే అలమారా చూసుకోవాలి.

9. అయిపోయాక

ఆఖరి పేజీ మూయగానే మొదటి ఇరవై పేజీలు మళ్ళీ చదవండి. ఇది తప్పనిసరి. మొదటిసారి వాతావరణం కోసం రాశాడనుకున్న వాక్యాలు సగం మీకు ముగింపు చెప్పేసినవే అని తెలుస్తుంది. కథ ఇంట్లో పెద్దవాళ్ళకు తెలుగులో చెప్పి చూడండి. ఎనభై ఏళ్ళ పెద్దమ్మ వినగానే "ఆస్తి రాయించుకోడానికి పిచ్చిదని పేరు పెట్టుంటారు" అని మధ్యలోనే తేల్చేయొచ్చు. ఆమె సాహిత్య విమర్శ చదవలేదు, కానీ అలాంటి ఇళ్ళు చూసింది. ఆమెను ఆపకుండా మాట్లాడనివ్వండి. మీ ఊళ్ళో ఏ ఇంటి గురించి ఏం చెప్పుకునేవారో అప్పుడే బయటికొస్తుంది.

సినిమాలు, సిరీస్‌లు పుస్తకం తర్వాతే. 'ది వుమన్ ఇన్ బ్లాక్' మీద 2012లో వచ్చిన సినిమా ముగింపు నవల ముగింపు ఒకటి కావు. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' బంగళానూ కొన్ని పేర్లనూ ఉంచుకుని కథ దాదాపు వేరే చెప్పింది. ముందు తెర మీద చూసేస్తే పుస్తకంలో ఆ మొహాలే కనపడతాయి, మీరు గీసుకునే ప్లాను కూడా ఆ సెట్టే అవుతుంది.

పుస్తకం ఎవరికైనా చదవడానికిచ్చేటప్పుడు ఆ ప్లాను కాగితం తీసేసి ఇవ్వండి. ఏ మెట్టు మీద ఎవరు చనిపోతారో అందులో మీరు పేర్లతో సహా రాసి ఉంటారు.